సున్నం వేయడానికి ఇటలీ

మా చర్చిలో పెద్దాయన పోయారన్న కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు నేను షాపులో పేపర్ టవల్స్ కట్ట ఎత్తి బండిలో పెడుతున్నాను. చదివాను. ఫోను జేబులో పెట్టుకుని కట్టను బండిలో సర్దాను. తర్వాత కోడిగుడ్లు తీసుకున్నాను, అట్టపెట్టె తెరిచి పగిలినవి ఉన్నాయేమో కూడా చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో అన్నీ సర్దాక కాసేపు కుర్చీలో కూర్చుని, ఇప్పుడైనా ఏదైనా అనిపిస్తుందేమోనని చూశాను. బట్టల మెషీన్ కూత పెట్టింది. లేచి బట్టలు తీశాను.

మిచిగన్‌లో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆదివారం మధ్యాహ్నాలు మేం అద్దెకు తీసుకునే అమెరికన్ చర్చి హాల్లోనే ఆదరణ కూడిక పెట్టారు. ఆయన కూతురు కరుణక్క నన్ను రెండు మాటలు చెప్పమంది, ఆయనతో ఇటలీకి వెళ్ళింది నేనే కాబట్టి. మైకు దగ్గరికెళ్ళి "ప్రార్థనాపరులు, మృదుస్వభావి, మా అందరికీ తండ్రిలాంటివారు" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. నా ముందు మాట్లాడినవాళ్ళూ అవే అన్నారు, నా తర్వాతివాళ్ళూ అవే అన్నారు. అంతమందిమి కలిసి వర్ణించేసరికి ఆ మనిషి హాల్లో ఎక్కడా లేకుండా పోయాడు. మృదుస్వభావి ఏమిటి! కారు హీటరు దగ్గర్నుంచి ప్రభువు బల్ల రొట్టెముక్క సైజు దాకా ప్రతిదానికీ పేచీ పెట్టే మనిషి.

నాకు గుర్తున్నది ఆయన బొటనవేలు. ఎవరింటికెళ్ళినా, ఏ ఆఫీసుకెళ్ళినా ముందు గోడ దగ్గరికెళ్ళి బొటనవేలితో రుద్ది, ఆ వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకునేవారు. డాక్టరు గదిలోనూ అంతే, లైబ్రరీలోనూ అంతే. మా ఇంటికి ప్రేయర్ మీటింగుకి మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. హాలు గోడ రుద్దారు. వేలికేమీ అంటకపోయేసరికి కణుపులతో టకటకా కొట్టి చూశారు.

"ఇదేం గోడమ్మాయ్, అట్ట!"

మా ఆయనది వరంగల్. "గట్టిగ కొట్టకుండ్రి అంకుల్, దీని మీద ఇంక లోన్ ఉన్నది," అన్నాడు.

"లోనిచ్చినోడు వచ్చి కొట్టి చూశాడా అసలు?"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన రోడ్లు భవనాల శాఖలో గుమాస్తా. ఒక్క గోడ కట్టింది లేదు, కట్టినవాటి ఫైళ్ళు మోశారంతే. అయినా గోడల విషయంలో ఎవరి మాటా చెవిన పెట్టేవారు కాదు.

కారెక్కితే డాష్‌బోర్డు మీద చెయ్యేసి ప్రార్థన చేసేవారు. బండి కోసం, నడిపేవాళ్ళ కోసం, ఎదురొచ్చేవాళ్ళ కోసం. "ఎదుటోడి కళ్ళు కూడా తెరిచి ఉంచు ప్రభువా, మనయి తెరిచుంటే సరిపోద్దా" అనేవారు. అది పూర్తయ్యేదాకా బండి కదలడానికి వీల్లేదు. ఒకసారి స్కూల్లో పిల్లల్ని దింపే లైన్లో మా వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నా ఆమెన్ మాత్రం రాలేదు. మా చిన్నది వెనక సీట్లోంచి, "తాతా, గాడ్ హర్డ్ యూ, ఇంక వెల్దాం ప్లీజ్," అంది. ఆయన కళ్ళు తెరవకుండానే "అయిపోవచ్చిందమ్మా" అని, మిచిగన్ రాష్ట్రంలోని లారీ డ్రైవర్లందరినీ కూడా దేవుడి చేతుల్లో పెట్టాకే ముగించారు.

ఈస్టరు దగ్గరపడిందంటే మాత్రం ఆయనకు వేరే ఊసు ఉండేది కాదు. మాదీ కోస్తా వైపే కాబట్టి ఆ సందడి నాకు తెలుసు. పండగ ముందు శనివారం సమాధుల తోటలోకి ఇల్లిల్లూ దిగిపోతుంది. ఆడవాళ్ళు గడ్డి పీకి, బంతిపూలు గుచ్చుతారు. మగవాళ్ళు సున్నం వేస్తారు. తండ్రి సమాధికి కొడుకే వేయాలి, కూలిమనిషిని పెట్టి వేయిస్తే ఊరు ఏడాది పొడుగునా చెప్పుకుంటుంది. వేస్తున్నంతసేపూ మట్టిలో ఉన్నవాళ్ళకి ఇంటి సంగతులు చెప్తారు, గేదె ఈనిందనీ, చిన్నదానికి సంబంధం కుదిరిందనీ. ఇది బైబిల్ వాక్యంలో లేదని పాస్టర్లు ఎంత మొత్తుకున్నా ఎవరూ మానలేదు.

ఆయనకు సున్నం వేయడానికి తండ్రి సమాధి లేదు. తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో వంతెనలు కట్టే దళంలో చేరి ఓడెక్కేనాటికి ఈయన తల్లి కడుపులో ఉన్నారు. ఆ తండ్రి తిరిగి రాలేదు. ఇటలీలో ఏదో ఏటి మీద వంతెన కడుతుండగా పోయాడని టెలిగ్రాం వచ్చింది, అక్కడే పూడ్చిపెట్టారు. ఊళ్ళో తోటివాళ్ళందరూ తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తుంటే ఈయన కుంచె పట్టుకుని దిక్కూదివాణం లేని సమాధులు వెతుక్కుని వాటికి వేసేవారట. తర్వాత తల్లి పోయింది. ఆమెకు వేసేవారు. పక్కన తండ్రి కోసం వదిలిన నేల మాత్రం అట్టాగే ఉండిపోయిందని చెప్పేవారు.

"ఒక్కసారమ్మాయ్. నా చేత్తో ఒక్క పూత వేసి, నాలుగు మాటలు చెప్పుకొస్తే చాలు. ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోక పాచిపట్టి ఉంటదది." ఇదే మాట చర్చి పాట్‌లక్ భోజనాల్లో బిర్యానీ వడ్డించుకుంటూ చెప్పేవారు, పార్కింగ్ లాట్‌లో మంచు తుడుస్తూ చెప్పేవారు. వినేవాళ్ళు "అవును అంకుల్" అని జారుకునేవాళ్ళు.

సమాధి ఏ ఊరి దగ్గరుందో కరుణక్క కనుక్కుంది. తీరా టికెట్లు కొనబోయేసరికి ఆమెకు మోకాలి ఆపరేషన్ పడింది. నాకప్పుడే ఉద్యోగం పోయింది. కార్ల కంపెనీలో మా టీమ్ మొత్తాన్ని ఒక వీడియో కాల్‌లో తీసేశారు. కాల్ అయ్యాక నేను లాప్‌టాప్ మూసి పప్పు పోపు పెట్టాను. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. వారాల తరబడి అలాగే సోఫాలో కూర్చున్నాను. "ఇంట్ల కూసొని ఆ అట్టగోడలనే చూస్తున్నవ్. పెద్దాయనను తీస్కొని పోయి రా," అన్నాడు మా ఆయన. వెళ్ళాలనీ అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు. సరే అన్నాను.

పెద్దాయన ముందు సర్దుకున్నది సున్నం. ఇండియన్ గ్రోసరీలో కిళ్ళీలకు అమ్మే సున్నం డబ్బీలు ఉన్నవన్నీ కొనేశారు. షాపతను పాన్ కొట్టు పెడుతున్నారా అని అడిగాడట. అందులో కలపడానికి నీలిమందు పొట్లం, బంక. పెయింటు బ్రష్ పనికిరాదని, గుమ్మం దగ్గరి కొబ్బరి పీచు పట్టా ఒక మూల కత్తిరించి కుంచె కట్టుకున్నారు. కరుణక్క కర్రలు పట్టుకుని నడుస్తూ, "నాన్నా, అదంతా చూసి ఎయిర్‌పోర్ట్‌లో ఏదో డ్రగ్స్ అనుకుంటారు," అంటే, "నాలిక్కి రాసి చూపిస్తా. పొక్కితే సున్నం," అన్నారు.

మేం దిగిన ఊరు కొండ కొన మీద ఉంది. చుట్టూ రాతి గోడ, ఒకే పెద్ద ద్వారం, మధ్యలో పాత బురుజు, మనిషికీ మనిషికీ భుజాలు తగిలే సందులు. ఎన్నో వందల ఏళ్ళ కిందట కట్టిన ఊరది, ఇప్పటికీ అదే గోడల మధ్య జనం బట్టలారేసుకుంటున్నారు. ఆయన ద్వారం దగ్గరే ఆగి రాతిని బొటనవేలితో రుద్దారు. "ఇదమ్మాయ్ గోడంటే," అన్నారు. యుద్ధంలో పోయినవాళ్ళని పెట్టిన సమాధుల తోట అక్కడికి కారులో కాసేపే, కింద లోయలో. మర్నాడే వెళ్దామనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే టిఫిన్ తిని, "ఇవాళ కోట చూద్దాం," అన్నారు.

నేను కోట చూడటానికి రాలేదు. అయినా కారు తీశాను. శిథిలమైన కోట అది. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కి, ప్రతి బోర్డునూ వేలు పెట్టి చదివారు. ఇటాలియన్ రాదు కదా అంటే, "ఒకడు కష్టపడి రాశాడు కదమ్మాయ్, చదవకుండా పోతే ఏం బాగుంటది," అన్నారు. ఆ మర్నాడు పాత మఠం. అందులో గోడల నిండా బొమ్మలు, పరిశుద్ధులు, దేవదూతలు. ఆయన వాళ్ళనెవరినీ చూడలేదు, బొమ్మలు రాలిపోయిన చోట బయటపడ్డ తెల్లటి పూత చూస్తూ నిలబడ్డారు. "సున్నమే! సున్నం మీదే వేశారు బొమ్మలన్నీ!" అని ఎంత సంబరపడ్డారంటే చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. కాపలా ఆమె అరిచేసరికి వెనక్కి లాక్కున్నారు.

మూడో రోజు కూడా సమాధుల తోట పేరెత్తలేదు. ఊరికి కొంచెం దూరంలో ఏరు కొండను కోసుకుంటూ పారే లోయ ఉంది. దాన్ని రక్షిత అడవి చేసి, నడవడానికి బాట వేశారు. దారి పక్కన గడ్డిలో పసుప్పచ్చ పూలు విరగబూసి ఉన్నాయి. ఆయన ముఖం వెలిగింది. నేను బోర్డు చదివేలోపే గుప్పెడు కోసేశారు.

"బంతిపూలు దొరకవు కదా, ఇయ్యి సరిపోతాయి. పూలు ఆడాళ్ళ పని, నువ్వే చూసుకోవాలి," అని నా చేతిలో పెట్టారు. సరిగ్గా అప్పుడే కర్రలు పట్టుకుని నడుస్తున్న ఒకావిడ ఆగి, మా ఇద్దరినీ ఇటాలియన్‌లో కడిగి పారేసింది. ఇక్కడ ఆకు కూడా తెంపకూడదని నాకు అర్థమైంది. ఆయనకు నేను చెప్పాను. ఆయన నా చేతిలోంచి ఆ పూలు తీసుకుని, వంగి, ఒక్కొక్కటీ ఏ మొక్కదో గుర్తుపెట్టుకున్నట్టు మొదళ్ళ దగ్గర పెడుతూ "సారీ అమ్మా, సారీ" అన్నారు, ఆవిడకో మొక్కకో తెలియదు. తిట్టినావిడ కాసేపు చూసి నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. చేతులకు అంటిన పుప్పొడి తుడుచుకున్నాను.

ఏటి ఒడ్డున రాయి మీద కూర్చున్నాం. అంత దూరం విమానంలో వచ్చి ఈ తిరుగుళ్ళు ఏమిటని అడిగేశాను.

"ఎప్పుడు వెళ్దాం అంకుల్? మనం రిటర్న్ అయ్యే టైమ్ వచ్చేస్తోంది."

ఆయన నీళ్ళ వైపే చూస్తున్నారు. "ఇట్టాంటి ఏరే అయ్యుంటది," అన్నారు. కూర్చున్న రాయిని బొటనవేలితో రుద్దుతూ, "అక్కడికెళ్ళినాక ఏమీ అనిపించకపోతే ఏం చెయ్యాలమ్మాయ్?" అని అడిగారు.

అలా ఏమీ అనిపించకుండా బతకడం అప్పటికి నాకు బాగా అలవాటైన పనే. దాన్ని ఏం చెయ్యాలో మాత్రం నాకూ తెలియదు.

"రేపు శనివారం. మనూళ్ళో సున్నాలేసే రోజు. రేపు పోదాం," అని ఆయనే లేచారు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా, కోటు వేసుకున్నారు. డబ్బీల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డాష్‌బోర్డు మీద చెయ్యి వేశారు గానీ ప్రార్థన రాలేదు. చెయ్యి తీసేసి "పోనీ" అన్నారు.

సమాధుల తోట అంటే మా మనసులో ఉన్నది వేరు. పిచ్చిమొక్కలు, ఒరిగిన శిలువలు, పాచి. అక్కడ అవేమీ లేవు. దువ్వినట్టున్న పచ్చగడ్డి, వరసగా ఒకే ఎత్తు తెల్లరాళ్ళు, ప్రతి రాయి మొదట్లో గులాబీ మొక్క. పేర్లు చదువుకుంటూ వెళ్ళి నేనే కనిపెట్టాను. ఇంగ్లీషులో చెక్కిన తెలుగు పేరు, కింద శిలువ. ఆయన వచ్చి నిలబడ్డారు. బొటనవేలితో రాతిని రుద్దారు. వేలు చూసుకున్నారు. ఏమీ అంటలేదు, దుమ్ము కూడా.

నేను పక్కకు జరిగాను, ఆయన మాట్లాడతారేమోనని. పక్షులు అరుస్తున్నాయి. ఎక్కడో ట్రాక్టరు నడుస్తోంది. ఆయన సంచి కింద పెట్టి, మళ్ళీ తీసి, ఇంకో చేతికి మార్చుకున్నారు.

"ఇక్కడ పని లేదమ్మాయ్," అన్నారు చివరికి.

"కాసేపు కూర్చుందాం అంకుల్."

"కూర్చుని ఏం చెయ్యను? ఒక్క మాటా రావట్లా. ఎవరింటికో వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టుంది." తర్వాత, "ఆకలేస్తంది," అన్నారు.

ప్రహరీ పక్కన కూర్చుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. ఆయన గుడ్డు పెంకు జాగ్రత్తగా వలిచి, ముక్కలన్నీ కాగితంలో వేసి మడిచారు. ఆ ముఖంలో దుఃఖం లేదు. ఏమీ లేదు. జీవితమంతా మోసుకొచ్చిన ఆ నాలుగు మాటలూ ఎక్కడికి పోయాయో వెతుక్కునే ఓపిక కూడా ఆ ముఖంలో లేదు. చూడలేక గడ్డి వైపు చూస్తూ తిన్నాను.

అప్పుడొచ్చాడు తోటమాలి. యాభై దాటిన మనిషి, చేతిలో బకెట్టు, మెత్తటి బ్రష్షు. మా వైపు తలూపి, ఒక వరసలో వంగి రాళ్ళు కడగడం మొదలుపెట్టాడు. పెద్దాయన నమలడం ఆపి చూశారు. లేచి వెళ్ళి అతని పక్కన నిలబడ్డారు. నన్ను చేత్తో పిలిచారు.

"ఇన్నేళ్ళుగా ఇయ్యన్నీ ఎవరు కడుగుతున్నారో అడుగు."

ఫోన్లో టైప్ చేసి ఇటాలియన్‌లోకి మార్చి చూపించాను. అతను చదివి తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత నా ఫోన్ తీసుకుని నెమ్మదిగా టైప్ చేశాడు. తనకు ముందు వాళ్ళ నాన్న చేసేవాడట. మొదట్లో ఈ నేల చదును చేయడానికి మట్టి మోసినవాళ్ళలో ఆయనొకడట, తర్వాత ఇక్కడే తోటమాలిగా ఉండిపోయాడట. ఎవరూ రాని రాళ్ళని ముందు కడిగేవాడట.

నేను తెలుగులో చెప్పాను. పెద్దాయన విన్నారు. తండ్రి రాయి వైపు వేలు చూపించి, "ఇదీ కడిగాడా?" అన్నారు. అది అనువాదం అక్కర్లేని ప్రశ్న. తోటమాలి తలూపాడు.

"ఆయన ఏడి?"

పోయిన శీతాకాలంలో పోయాడట. ఊళ్ళోనే, కొండ మీది శ్మశానంలో పెట్టారట. రాయి ఇంకా చెక్కి రాలేదు, చుట్టూ సిమెంటు గట్టు మాత్రం కట్టామని రాశాడు.

పెద్దాయన సంచి వైపు చూశారు. "దానికి సున్నం వేసుకోనిస్తాడా అడుగు," అన్నారు.

ఇది ఎలా రాయాలో నాకు తోచలేదు. మా దేశంలో కొడుకులు తండ్రుల సమాధులకు ఈ రోజున తెల్లరంగు వేస్తారని, ఈయన ఆ పని మీదే అమెరికా నుంచి వచ్చారని, మీరు ఒప్పుకుంటే మీ నాన్నగారికి వేస్తారని రాశాను. తోటమాలి రెండుసార్లు చదివాడు. బకెట్టులో బ్రష్షు వేసేసి, మన ఆటోకి అన్నలాంటి మూడుచక్రాల బండి దగ్గరికి నడిచి, పెద్దాయనకి తలుపు తీశాడు. నేను వెనక కారులో వెళ్ళాను.

కొండ మీద చిన్న శ్మశానం. కొత్త మట్టి, చెక్క శిలువ, చుట్టూ బూడిదరంగు గట్టు. పెద్దాయన కోటు విప్పి నాకిచ్చి, చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముందు అరచేత్తో దుమ్ము దులిపారు. నీళ్ళు చల్లి గట్టు తడిపారు. సున్నంలో చిటికెడు నీలిమందు, బంక కలిపి కుంచె ముంచారు. మొదటి పూత వేస్తే ఏమీ కనపడలేదు, తడి సిమెంటులాగే ఉంది. తోటమాలి నా వైపు అనుమానంగా చూశాడు.

"ఆరనియ్యి," అన్నారు ఆయన తెలుగులోనే.

రెండో పూత సగంలో ఉండగా, ఎండ పడే మూల నుంచి తెలుపు తేలడం మొదలైంది. ఆయన దాన్ని చూశారు. కుంచె ఆపకుండానే, మట్టి వైపు ముఖం తిప్పి, ఊళ్ళో పక్కింటి పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టారు.

"అయ్యా, నేను ఆ కింద తోటలో ఉన్నాయన కొడుకుని. నేనెప్పుడూ ఆయన్ని చూళ్ళా. నువ్వు చూసుకున్నావు. మా అమ్మ మిషను కుట్టి నన్ను చదివించింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే చేసుకోలా. మా అమ్మాయికి మోకాలు ఆపరేషనైంది, లేచి నడుస్తంది. ఈ పిల్ల నాకు తోడొచ్చింది. ఉద్యోగం పోయింది, మాటా పలుకూ లేకుండా ఉంటంది. వస్తదిలే."

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలోంచి తీసేసిన రోజున రాని ఏడుపు, తర్వాత వారాల తరబడి రాని ఏడుపు, ఎవరో తెలియని ముసలాయన సమాధి పక్కన, చేతిలో ఇంకొకరి కోటు పెట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చింది. తోటమాలి టోపీ తీసి పట్టుకున్నాడు. పెద్దాయన కూడా ఏడుస్తున్నారు, ఏడుస్తూనే మోకాళ్ళ మీద గట్టు రెండో పక్కకి జరిగారు.

"మా నాన్న దగ్గరికెళ్ళా గానీ నాకు నోరు రాలా. అమ్మ పోయిన సంగతి ఆయనకి తెలీదు. నువ్వే చెప్పాలి. నువ్వైతే మెల్లగా చెప్తావు."